వీశాట్ మోడెమ్ వెనుక ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ రూటర్: ‘కేక్’ ట్రాఫిక్ నియమాలపై సమీక్ష

మన్యం ప్రాంతంలో మేము చూసుకుంటున్న ఒక శిక్షణ కేంద్రానికి వీశాట్ (చిన్న డిష్‌తో ఉపగ్రహం ద్వారా అందే ఇంటర్నెట్) లింకు ఒక్కటే ఆధారం. దాని వేగం సెకనుకు కిందికి (డౌన్‌లోడ్) 4 మెగాబిట్లు, పైకి (అప్‌లోడ్) 512 కిలోబిట్లు. ఎవరైనా 5 మెగాబైట్ల ఫొటో పంపితే అది వెళ్లడానికి 80 సెకన్ల వరకు పట్టేది, అంతసేపూ ఫోనులో మన మాట అవతలివారికి ముక్కలుముక్కలుగా వినిపించేది. మోడెమ్‌లోని క్యూఓఎస్ నియమాలను (ఏ ట్రాఫిక్‌కు ముందు దారి ఇవ్వాలో చెప్పేవి) సర్వీసు ఇచ్చే సంస్థ తన హబ్ (కేంద్ర భూస్టేషన్) నుంచే మారుస్తుంది కనుక, ఒక్క పోర్టు నంబరు చేర్పించుకోవడానికి రోజుల తరబడి తిరగవలసి వచ్చింది. అందుకే మోడెమ్‌కూ మా స్విచ్‌కూ మధ్య ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రూటర్ల కోసం తయారైన ఉచిత లైనక్స్ సాఫ్ట్‌వేర్) రూటర్ పెట్టి, అందులో ఎస్‌క్యూఎం అనే క్యూ నిర్వహణ ప్యాకేజీతో ‘కేక్’ను, అంటే ప్యాకెట్లను ఏ వరుసలో, ఏ వేగంతో పంపాలో నిర్ణయించే ప్రోగ్రామును, నడుపుతున్నాము.

ఇక్కడ మొదట గ్రహించవలసింది, ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఎక్కడ బారులు తీరుతాయో అక్కడే నియమం పనిచేస్తుందని. రూటర్ వేగాన్ని 512 దగ్గరే వదిలేస్తే క్యూ (ఆ బారు) మోడెమ్‌లోనే పేరుకుంటుంది, మనం రాసిన నియమాలకు పని ఉండదు. 480కి తగ్గించిన రోజునే తేడా స్పష్టంగా కనిపించింది. ‘డిఫ్‌సర్వ్4’ పద్ధతిలో కేక్ ట్రాఫిక్‌ను బల్క్, బెస్ట్ ఎఫర్ట్, వీడియో, వాయిస్ అని నాలుగు భాగాలు చేస్తుంది. ఐపీ ఫోన్లు డీఎస్‌సీపీ (ప్యాకెట్ ప్రాధాన్యాన్ని తెలిపే అంకె) 46 గుర్తుతో పంపే మాటల ప్యాకెట్లు వాయిస్ భాగంలోకి వెళ్తాయి. ఆ భాగానికి మొత్తం వేగంలో పావు వంతు వరకే, అంటే మాకు 120 కిలోబిట్ల వరకే, ప్రాధాన్యం దక్కుతుంది. మాటను కుదించే జీ.729 కోడెక్‌తో ఒక కాల్‌కు ఈథర్‌నెట్ హెడర్లతో కలిపి సుమారు 30 కిలోబిట్లు కావాలి కాబట్టి నాలుగు కాల్స్ నిశ్చింతగా సాగుతాయి. ఈ పరిమితి ఉండడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ఏదో ఒక యాప్ తన ప్యాకెట్లన్నిటికీ వాయిస్ గుర్తు వేసుకున్నా మిగతా లింకును మింగెయ్యలేదు.

ఆలస్యం సంగతి మరింత శ్రద్ధగా చూసుకోవాలి. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, కాంతి వేగంతో వెళ్లినా ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి దాదాపు 480 మిల్లీసెకన్లు తప్పవు, వాస్తవంలో 600 దాటుతుంది. కేక్ మామూలుగా 100 మిల్లీసెకన్ల రాకపోకను అనుకుని నడుస్తుంది. అలాగే వదిలేస్తే అవసరానికి మించి ముందుగానే ప్యాకెట్లను పారేసి వేగాన్ని పడగొడుతుంది. ‘శాటిలైట్’ అనే ఒక్క మాట చేరిస్తే ఆ అంచనా 1000 మిల్లీసెకన్లకు మారుతుంది. టీసీపీని (డేటా చేరిందో లేదో సరిచూసుకుంటూ పంపే మామూలు పద్ధతి) మోడెమ్ తానే మధ్యలో అందుకుని వేగవంతం చేసే చోట్ల దీని అవసరం తక్కువే గాని, ఆ సాయం అందని క్విక్ ప్రోటోకాల్‌కూ (బ్రౌజర్లు వాడే మరో పద్ధతి), డేటాను గుప్తంగా సొరంగంలోంచి పంపినట్టు పంపే వీపీఎన్‌కూ తప్పనిసరి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ లోపలి డీఎస్‌సీపీ గుర్తును బయటి ప్యాకెట్‌కు ఎక్కించదు, కాబట్టి కాల్స్‌ను ఆ సొరంగంలోంచి పంపే ఆలోచనను మేము విరమించుకున్నాము.

పైకి వెళ్లే దారికి ఇంతకంటే మంచి సాధనం ఇంత తక్కువ ఖర్చులో నాకు కనబడలేదు. కిందికి వచ్చే దారిలో మాత్రం దీని ప్రభావం సగమే. హబ్ దగ్గర అప్పటికే బారు తీరి వచ్చిన ప్యాకెట్లను మన రూటర్ తిరిగి ముందుకు జరపలేదు. వేగాన్ని 3.4 మెగాబిట్లకు కుదించి పంపేవారిని నెమ్మదింపజేయడమే దానికి సాధ్యం, పైగా ఇంటర్నెట్ నుంచి వచ్చే ప్యాకెట్లలో డీఎస్‌సీపీ గుర్తులు దారిలోనే చెరిగిపోతుంటాయి.

వర్షాకాలంలో మరో చిక్కు ఉంది. వానకు కేయూ బ్యాండ్ (మా లింకు వాడే రేడియో తరంగాల శ్రేణి) సంకేతం క్షీణించినప్పుడు మోడెమ్ మాడ్యులేషన్ (సంకేతంలో డేటాను కూర్చే సాంద్రత) తగ్గించుకుంటుంది, పైకి వేగం 300 కిలోబిట్లకు పడిపోతుంది, 480 దగ్గర ఉంచిన మన హద్దు అర్థం కోల్పోయి క్యూ మళ్లీ మోడెమ్‌లో చేరుతుంది. జోరువాన పడుతున్న గంటల్లో నేను హద్దును చేత్తోనే 270కి దించుతున్నాను. అప్పుడు రెండు కాల్స్ మాత్రమే నిలుస్తాయి, కానీ మాట స్పష్టంగా వినిపిస్తుంది.