సంఘంలో తగవు: కమిటీ ముందు పెట్టాలా, సర్కిల్‌లో కూర్చోవాలా?

చిత్తూరు, తిరుపతి వైపు చర్చి సంఘాల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. సర్కిల్ అంటే తగవు పడ్డవాళ్లు, వాళ్లకు తోడు వచ్చినవాళ్లు గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకోవడం. తప్పు చేసిన సహోదరునికి ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో వెళ్లి, చివరికి సంఘానికి చెప్పమనే మత్తయి 18:15–17 అందరికీ నోటికి వచ్చిందే. ఒంటరిగా చెప్పినా వినకపోతే, సంఘం ముందు పెట్టేలోపు ఏం చేయాలన్న దగ్గరే చిక్కు.

కోత పండుగ వేలం డబ్బు లెక్క కుదరలేదనుకుందాం. స్త్రీల మైత్రి (సంఘంలోని మహిళల బృందం) అక్క ఒకరు ట్రెజరర్‌ను అందరి ముందు నిలదీశారు. ఆయన ఇంటివాళ్లు ఆరాధనకు రావడం మానేశారు. ఇందులో తగవులు రెండు: లెక్క ఒకటి, పరువు ఒకటి.

లెక్క వరకు కమిటీయే మేలు. రసీదు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, వేలం చీటీలు బల్ల మీద పెట్టి సరిచూస్తే తేలిపోతుంది, మినిట్స్‌లో ఉంటుంది. పరువు సంగతికి అదే కమిటీ పనికిరాదు. సభ్యుల్లో సగంమంది ఏదో ఒక వైపు చుట్టాలే అయి ఉంటారు. ఓటు పెడితే ఓడినవాళ్లు పక్క వీధిలో అద్దె హాలు చూసుకుంటారు. తప్పు చేసినవారిని ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి) దూరం పెట్టినా నొచ్చుకున్న మనిషికి దక్కేదేమీ లేదు.

సర్కిల్ పద్ధతి వెనుక 1974 నాటి కెనడా ప్రయోగం ఒకటుంది. అంటారియోలో ఇద్దరు కుర్రాళ్లు 22 చోట్ల ఆస్తులు పాడుచేస్తే, మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు వాళ్లను బాధితుల ఇళ్లకే తీసుకెళ్లి, జరిగిన నష్టం తెలుసుకుని కట్టేలా చేశారు. 'ఎవరిది తప్పు' అన్నదానికన్నా 'ఎవరికి ఏం నష్టం, దాన్ని ఎవరు పూడుస్తారు' అన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇది నిలబడేదీ కూలేదీ ఒక్కచోటే: అందరూ కూర్చోకముందు విడివిడిగా కలవడంలో. మన దగ్గర ఎక్కువగా ఎగ్గొట్టేదీ అదే. నడిపే మనిషి రెండు కుటుంబాలకూ చుట్టం కాకూడదు, పక్క పాస్టరేట్ (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలు) వాళ్లయితే ఇంకా మంచిది. ఒక్కొక్కరితో కనీసం గంటసేపు, వాళ్ల ఇంట్లోనే మాట్లాడాలి. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏముంది, ఎవరెవరు నొచ్చుకున్నారు, ఏం చేస్తే సరవుతుంది అని అడగాలి. ఎవరైనా 'ముందు వాళ్లు కాళ్లమీద పడాలి' అంటే తేదీ ఖాయం చేయకండి, ఇంకోసారి వెళ్లండి. ఈ పని వదిలేస్తే సర్కిల్ మొదటి పది నిమిషాల్లోనే పంచాయితీ అయిపోతుంది.

కూర్చునే రోజు ఎనిమిది పదిమంది చాలు, ఇరువైపులా తోడు ఒక్కొక్కరే. మధ్యలో బల్ల వద్దు. ఒక వస్తువు చేతులు మారాలి, అది పట్టుకున్నవారే మాట్లాడాలి. బైబిల్ మాత్రం పట్టించకండి, ప్రమాణం చేయించినట్టుంటుంది. మొదటి ప్రార్థన పొట్టిగా ఉండాలి. 'ఈ సహోదరి గర్వం విడిచేలా' అని ఏ పెద్దాయనో మొదలుపెడితే తీర్పు అప్పుడే వచ్చేసినట్టు! 'క్షమించానని చెప్పమ్మా' అని తొందరపెట్టడం ఇంకో పొరపాటు. చివర్లో ఎవరు, ఏం, ఏ తేదీలోపు అన్నది అరపేజీలో రాసి సంతకాలు చేయించాలి. 30 రోజులకు, 90 రోజులకు వెళ్లి చూడాలి.

అయ్యగారు (పాస్టరు) ఒక్కరే ఇద్దరినీ పిలిచి చేతులు కలపడం చిన్న మాటపట్టింపులకు సరిపోతుంది. స్థలం తగవైతే లోక్ అదాలత్ ఉంది. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు.

పిల్లల మీద లైంగిక దాడికి సర్కిలూ లేదు, కమిటీ కూడా లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆమెను భర్తకు ఎదురుగా కూర్చోబెట్టడం కూడా వద్దు. అక్కడ చెప్పిన ప్రతి మాటకూ ఆమె ఇంటికెళ్లాక లెక్క చెప్పాల్సి వస్తుంది.