ఘాట్ రోడ్డు దిగేటప్పుడు: బ్రేకు మీదా, గేరు మీదా?

బ్రేకు పెడల్ మీద కాలు ఆనించే ఉంచితే కారు నెమ్మదిగానే దిగుతుంది, కాసేపు. ఆపకుండా రాపిడి జరిగి ప్యాడ్లు, డిస్కులు కాగిపోతాయి. మాడు వాసన వస్తుంది, పట్టు తగ్గుతుంది. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటే త్వరగా మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు.

గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వాలు మొదలవకముందే రెండో గేరు వేయాలి. ఆటోమేటిక్‌లో ‘ఎల్’ (లో గేరు) లేదా ‘2’. ఇంజన్ గోల చేస్తుంది, ఇంజన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం మీటరు ముల్లు ఎరుపులోకి పోనంతవరకు భయం లేదు. వేగం పెరిగితే బ్రేకు ఓసారి గట్టిగా తొక్కి, తగ్గగానే వదిలేయాలి. ఇలా చిన్న గేరులో దిగితే పెట్రోలు ఎక్కువ తాగుతుందనేది అపోహ: ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో దించితేనే ఐడ్లింగ్‌కి (ఇంజన్ ఊరికే తిరగడానికి) ఇంధనం ఖర్చవుతుంది, పైగా పట్టూ ఉండదు.