రోలాండ్ టీఆర్-8ఎస్: పాత పాట కింద కొత్త కిక్

ఇంట్లో కూర్చుని సొంత ట్రాకులు చేసుకుందామని అయితే ఈ డ్రమ్ మెషిన్ (డ్రమ్స్ దెబ్బల్ని తనే వాయించే పెట్టె) కొనకండి. ఆ పని ల్యాప్‌టాప్‌లో ఇంతకంటే సుఖంగా, చాలావరకు పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. ఎదురుగా జనం ఉండి, వేరేవాళ్ల పాటలు వేస్తూ, వాటి కింద మీ చేత్తో మీరు వేసే దెబ్బ ఒకటి పడాలనుకుంటే మాత్రం కొనండి.

నేను విజయవాడలో పెళ్లిళ్లకీ సంగీత్‌లకీ డీజేగా వెళ్తాను. అర్ధరాత్రి దాటి, పెద్దవాళ్లు నిద్రకి వెళ్లాక, మిగిలిన పాతికమంది కోసం హౌస్ అనే డాన్స్ సంగీతం వేస్తాను. ఈ రెండిటికీ కలిపి ఈ పెట్టె తీసుకున్నాను. రెండు సంగీత్‌ల డబ్బు దీనికే పోయింది. "ఇంత పోసి కొన్నావు, ఇందులో పాటలుండవా?" అని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు. ఉండవండీ, బీట్లు ఉంటాయి.

నాచేత దీన్ని కొనిపించింది కంపెనీ ప్రకటనలు కాదు, ఫ్రాంకీ నకిల్స్. 1955లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టి, 1977లో షికాగో వెళ్లి వేర్‌హౌస్ అనే క్లబ్బులో స్థిరపడిన డీజే. హౌస్‌కి ఆ పేరు వచ్చింది ఆ క్లబ్బు నుంచే. 1979 తర్వాత అమెరికాలో డిస్కో గిరాకీ పడిపోయింది, డాన్సుకి పనికొచ్చే కొత్త రికార్డులు తగ్గిపోయాయి. ఫ్లోర్ మీద జనం మాత్రం తగ్గలేదు. అందుకని ఆయన ఉన్న పాటల్నే సాగదీశాడు. ఎరాస్మో రివేరా అనే స్నేహితుడితో కలిసి టేపు కోసి అతికించి, పాటలో మంచి ముక్క ఎక్కడుందో దాన్నే మళ్లీ మళ్లీ తిప్పేవాడు. 1982లో వేర్‌హౌస్ వదిలేసి పవర్ ప్లాంట్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నాడు. అక్కడికి డిట్రాయిట్ కుర్రాడు డెరిక్ మే ఒక టీఆర్-909 తెచ్చి అమ్మాడు. అది కూడా రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషినే.

909ని రోలాండ్ 1983లో దింపింది. మార్కెట్లో తేలిపోయింది. పదివేలకు అటూ ఇటూగా చేసి ఆపేశారు. నిజం డ్రమ్స్‌లా లేదని పెద్ద స్టూడియోలవాళ్లు పక్కన పడేసినవి సెకండ్ హ్యాండ్‌లో కుర్రాళ్ల చేతికొచ్చాయి. ఫ్రాంకీ దాన్ని నేరుగా క్లబ్బులో రికార్డులు తిప్పే డెక్కుల పక్కన పెట్టాడు. పాత రికార్డు తిరుగుతుంటే కింద 909 కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) నడిపించి, ఒక పాట నుంచి ఇంకో పాటకి దాని మీదే దాటేవాడు. తర్వాత ఆయన న్యూయార్క్ తిరిగెళ్లి డీజే డేవిడ్ మొరాలెస్‌తో డెఫ్ మిక్స్ అనే రీమిక్స్ సంస్థలో చేసిందీ ఆ పనే: మైకేల్ జాక్సన్, డయానా రాస్ లాంటివాళ్ల పాటల్ని ఫ్లోర్ కోసం మళ్లీ కట్టడం. 1998లో రీమిక్సర్లకు మొట్టమొదటిసారి ఇచ్చిన గ్రామీ ఆయనకే దక్కింది. ఆయన సొంత రికార్డులూ గొప్పవే. కానీ నాకు ఆయన నచ్చేది ఈ మరమ్మతు పనిలో.

ఇప్పుడు పెట్టె సంగతి. టీఆర్-8ఎస్ 2018లో వచ్చింది. 909, 808, 707, 606 అనే రోలాండ్ పాత మెషిన్ల శబ్దాలన్నీ ఇందులోనే ఉన్నాయి, 808 కిక్ మీద 909 హైహ్యాట్ (తాళాల శబ్దం) పెట్టుకోవచ్చు. పదకొండు వాయిద్యాలకి పదకొండు ఫేడర్లు, అంటే పైకీ కిందికీ జరిపి శబ్దం పెంచి తగ్గించే మీటలు. నాకు ఇదే ముఖ్యం. మౌస్ పట్టుకుని ఒక్కోటీ తగ్గించడం వేరు, మూడు వేళ్లతో క్లాప్, హ్యాట్, స్నేర్ ఒక్కసారే కిందికి లాగి కిక్ ఒక్కటే వదలడం వేరు. పెళ్లికొడుకు స్నేహితులకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, కేక పెడతారు.

ప్రకటనల్లో పెద్దగా చెప్పని గొప్ప సంగతి వెనకాల ఉంది: ఎక్స్‌టర్నల్ ఇన్, బయటి శబ్దం లోపలికి పంపే సాకెట్. నా మిక్సర్ అవుట్‌పుట్ అందులోకి పంపి, అక్కడినుంచి స్పీకర్లకి తీసుకుంటాను. సైడ్ చెయిన్ పెడితే కిక్ పడ్డప్పుడల్లా పాట ఓ క్షణం తగ్గి కిక్‌కి దారిస్తుంది. సన్నగా వినిపించే ఎనభైల పాట కూడా ఛాతీలో తగులుతుంది.

అసలు తంటా అక్కడే మొదలవుతుంది. చక్రవర్తి, ఇళయరాజాల కాలం పాటలు మద్రాసులో మనుషులు కూర్చుని వాయించినవి. పల్లవికీ చరణానికీ మధ్య టెంపో కొంచెం కదులుతుంది. వినేటప్పుడు అదే అందం. మెషిన్ మాత్రం నిమిషానికి 118 బీట్లు అంటే 118 దగ్గరే కూర్చుంటుంది. పదహారు బార్లు (నాలుగేసి బీట్ల ముక్కలు) తిరిగేసరికి తబలా ఒకచోట, కిక్ ఒకచోట. డ్రమ్ మెషిన్ పెట్టగానే పాత పాట హౌస్ అయిపోతుందని యూట్యూబులో చెప్పేవాళ్లు ఈ ముక్క చెప్పరు. టెంపో నాబ్ మీద చెయ్యి వేసి పాటని వెంటాడొచ్చు, కానీ ఆ చెయ్యి ఇంక దేనికీ రాదు. నేను ముందురోజే పాటలో నిలకడగా ఉన్న నాలుగు బార్లో, ఎనిమిది బార్లో కోసి లూపులు చేసి పెట్టుకుంటాను. ఫ్రాంకీ, ఎరాస్మో బ్లేడుతో చేసిన పనే. ఆ ఓపిక లేనివాళ్లకి ఈ మెషిన్ నాలుగో పెళ్లికే అటకెక్కుతుంది.

తీన్మార్‌కి పనికొస్తుందా అని అడుగుతారు. ఎస్‌డీ కార్డు నుంచి సొంత శబ్దాలు ఎక్కించుకోవచ్చు కాబట్టి డప్పు శాంపిల్స్ వేశాను. వస్తుంది గానీ అసలు డప్పు పక్కన పెడితే అది డప్పు కాదు. ఆ డబ్బుతో నలుగురు కళాకారుల్ని పిలవడం నయం. కార్డులో నాకు బాగా కలిసొచ్చింది రైలు. వేర్‌హౌస్‌లో ఫ్రాంకీ లైట్లన్నీ ఆర్పి, చీకట్లో స్పీకర్ల మీదుగా రైలు దూసుకుపోయే శబ్దం వేసేవాడట. నేను కృష్ణ వంతెన మీద గూడ్సు బండి శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి ఎక్కించాను. మన పెళ్లిళ్లలో లైట్లు ఆర్పనివ్వరు, వీడియో వాళ్లు ఒప్పుకోరు. అయినా పనిచేస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. తెర మరీ చిన్నది, సగం పనులు షిఫ్ట్ పట్టుకుంటేగానీ కావు. బ్యాటరీతో నడవదు. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్ హాల్లో కరెంటు ఓ క్షణం పోతే బీటూ పోతుంది, కాబట్టి చిన్న యూపీఎస్ తప్పనిసరి. అదే కంపెనీ టీఆర్-09 బ్యాటరీతో నడుస్తుంది, చవక కూడా, కానీ ఆ నాబులు మరీ చిన్నవి, ఫేడర్లు లేవు. అసలు 909 సెకండ్ హ్యాండ్ ధర చూస్తే నవ్వొస్తుంది, పైగా దాన్ని మన దగ్గర బాగుచేసేవాళ్లు నాకు దొరకలేదు. శబ్దంలో తేడా ఉందంటారు. ఫంక్షన్ హాలు స్పీకర్లలో ఆ తేడా పట్టుకునే చెవి నాకు లేదు.

కొనేవాళ్లు అడాప్టర్ ఒకటి అదనంగా తీసుకోండి. స్టేజీ సర్దేటప్పుడు ముందు పోయేది అదే.