మూడు బ్యాటరీలు, ఒక్క సాకెట్: వైజాగ్ నుంచి వంజంగి దాకా

డ్రోన్ కొన్నాక చేసిన మొదటి పెద్ద ట్రిప్పు ఇది. డిసెంబరు, మూడు రాత్రులు, నేనూ మా బావమరిదీ, అద్దెకి మాట్లాడుకున్న కారు. డ్రోన్ 249 గ్రాముల డీజేఐ మినీ 2, బ్యాటరీలు మూడు. ఒక్కోదాంట్లో 17 వాట్ అవర్ల చిల్లర పడుతుంది. కంపెనీ చెప్పేది 31 నిమిషాలు. కొండగాలిలో ఇరవై దాటితే గొప్ప. రోజుకి గంట ఎగరెయ్యాలంటే మూడూ నిండి ఉండాలి. ఆ గంట కోసం పడ్డ పాట్లే ఇవి.

వైజాగ్‌లో మాత్రం డ్రోన్ సంచిలోంచి బయటికి తియ్యలేదు. తూర్పు నౌకాదళం ఊరు, విమానాశ్రయం కూడా నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగాలోనే ఉంది. ఎర్రమట్టి దిబ్బల మీద ఒక్క షాట్ అని బావమరిది చాలా ఆశపడ్డాడు. ఆ పక్కనే భీమిలిలో నేవీ వాళ్లదే ఐఎన్‌ఎస్ కళింగ. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే. అలాగని ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎర్రగా ఉన్నచోట చిన్నదే కదా అని లేపడానికి లేదు. దిబ్బల్లో నడిచి తిరిగి వచ్చాం. సాయంత్రం ఎండ పడితే ఆ మట్టి రంగు కింద నుంచి చూసినా చాలు.

హోటల్ ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, టిఫిన్ బాగుంది, తిరగడానికి వీలైన చోటు. తిరకాసల్లా కీ కార్డుతోనే వచ్చింది. మూడు బ్యాటరీలూ హబ్‌లో, అంటే మూడూ పట్టే ఛార్జింగ్ డబ్బాలో పెట్టి, దాన్ని ప్లగ్గుకి తగిలించి, తలుపేసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లాం. కురుసుర జలాంతర్గామి చూసి, ముంత మసాలా తిని, పదింటికి వస్తే ఒక్క బ్యాటరీ కూడా నిండలేదు. కార్డు తీసుకెళ్తే గదిలో కరెంటు మొత్తం పోతుందని మాకు తట్టలేదు. మర్నాడు రిసెప్షన్‌లో అడిగితే ఇంకో కార్డు నవ్వుతూ ఇచ్చారు. దిగినప్పుడే అడగాల్సింది.

అప్పుడనిపించింది, గదిని నమ్ముకోవడం కన్నా రోడ్డుని నమ్ముకోవడం మేలని. వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్లు, ఘాట్‌తో కలిపి నాలుగు గంటలు. మా హబ్ ముగ్గురినీ ఒకేసారి మేపదు. అన్నిటికన్నా ఎక్కువ నిండి ఉన్నదాన్ని ముందు పట్టుకుంటుంది, అది నిండాక రెండోది, తర్వాత మూడోది. పద్దెనిమిది వాట్ల ఛార్జర్‌తో ఒక్కోదానికి గంటా ఇరవై నిమిషాలు. మూడింటికీ నాలుగు గంటలు, అంటే సరిగ్గా అరకు దారంత.

కారులో ఉన్న యూఎస్‌బీ రంధ్రంతో ఈ పని జరగదు. అది ఇచ్చేది ఐదో పదో వాట్లు, ఫోన్‌కి సరిపోతుంది. బావమరిది ఇంటి నుంచి కారులో పెట్టే చిన్న ఇన్వర్టర్ పట్టుకొచ్చాడు. పన్నెండు వోల్టుల్ని 230 చేసి, ఛార్జర్‌తో మళ్లీ కిందకి దించడం, మధ్యలో ఫ్యాను రొద, వేడి. పెద్ద డ్రోన్లు, సొంత అడాప్టర్ తప్ప వేరేది ఒప్పుకోనివి ఉన్నవాళ్లకి అది తప్పదు. మాకు దండగ. పొద్దున్నే డాబా గార్డెన్స్‌లో సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే పీడీ (ఫాస్ట్ ఛార్జింగ్) కార్ ఛార్జర్ కొన్నాం, రెండు పోర్టులది. ఒకటి హబ్‌కి, రెండోది బావమరిది ఫోన్‌కి.

పెందుర్తి దాటేసరికి హబ్ మీద మొదటి దీపం మిణుకుమంటోంది. ఎస్.కోటలో టీ, అనంతగిరిలో కాఫీ. కాఫీ దగ్గర పావుగంట అనుకున్నది ముప్పావుగంట అయింది. తిరిగొచ్చి చూస్తే హబ్ నిద్రపోతోంది. ఆ కారులో తాళం తిప్పి ఇంజన్ ఆపేస్తే సాకెట్‌కి కూడా కరెంటు ఆగిపోతుంది. అరకు చేరేసరికి రెండు నిండాయి, మూడోది సగంలో ఉంది.

అరకులో గది పెద్దది, పాతది, కిటికీ తీస్తే కొండే. ప్లగ్గు మాత్రం బాత్రూం అద్దం పక్కన ఒక్కటే. రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేశారు గానీ, ఆ లైను లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమేనట. డిసెంబరులో అరకులో ఫ్యాను ఎవరిక్కావాలి! ఆ గదికి ఆ అద్దె ఎక్కువే. బొంగులో చికెన్ మాత్రం వేలెత్తి చూపడానికి లేదు.

మర్నాడు పాడేరు, అక్కణ్నుంచి మబ్బుల సముద్రం చూడ్డానికి ఎక్కే వంజంగి కొండ కింద టెంటు. “కరెంటుంది సార్” అన్నారు ఫోన్లో. ఉంది, ఒక బల్బుకి. బల్బు తీసి, హోల్డర్‌కి ప్లగ్గు తగిలించే బుడిపె అడిగితే, అది ముందు టెంటు వాళ్లు పట్టుకెళ్లారు. ఇక కారే దిక్కు. తాళం ఒక మెట్టు తిప్పి ఉంచమని డ్రైవర్‌ని బతిమాలాను.

“ఏటి సార్, ఆ బుల్లి డబ్బాలకి రాత్రంతా కావాలా?” అన్నాడు. అయినా ఉంచాడు. కారులోనే పడుకుని పాటలు కూడా పెట్టుకున్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి కొండెక్కాం. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుందని మూడూ స్వెట్టర్ లోపల పెట్టుకుని నడిచాను. మ్యాప్ చూసుకుని, కింద అడిగి, సరేనన్నాకే లేపాం. మబ్బు సముద్రం మీద పద్దెనిమిది నిమిషాలు, రెండో బ్యాటరీతో ఇంకో పదిహేను. మూడోది తియ్యలేదు, జనం పెరిగారు.

కిందకి వస్తే కారు సెల్ఫ్ అందుకోలేదు. టక్, టక్, అంతే.

నిజానికి పాపం డ్రోన్ ఒక్కదానిదే కాదు. చిన్న కారు బ్యాటరీలో నాలుగొందల వాట్ అవర్లుంటాయి, మా మూడూ కలిపి ఖాళీ నుంచి నింపినా వృథాతో సహా డెబ్బై దాటవు. కొత్త బ్యాటరీ అయితే తట్టుకునేదే. ఇది పాతది, పైన పాటలు, చలి. పక్కన ఆగిన టాక్సీ వాళ్ల దగ్గర జంపర్ కేబుల్ ఉండబట్టి బతికాం. ఇంజన్ ఆగితే హబ్ పీకెయ్యాలి, రాత్రికి పవర్ బ్యాంకు ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది మూడింటినీ దాదాపు నింపేస్తుంది. నేను తెచ్చింది పదివేలది, అదీ ఫోన్లకే అయిపోయింది.

కిందకి దిగేటప్పుడు బ్యాటరీలు వెంటనే పెట్టలేదు. ఎగిరొచ్చిన వేడి తగ్గాకే పెట్టాలి, మండుటెండలో ఆపిన కారులో వదిలెయ్యకూడదు. మాడుగుల దగ్గర పెట్టాం. చోడవరంలో బెల్లం కొనేటప్పుడు ఇంజన్ ఆపనివ్వలేదు, డ్రైవర్ ఏమీ అనలేదు.

సబ్బవరం దాటాక నిండడం పూర్తయింది. హబ్ తీసి సంచిలో పెడుతున్నాను. బావమరిది తన వైరు కూడా పీకి జేబులో వేసుకున్నాడు. ఆ ఖాళీ పోర్టులోకి డ్రైవర్ చెయ్యి వచ్చింది, చేతిలో ఆయన ఫోన్. మూడు రోజులుగా మాకు దారి చూపిస్తున్న ఫోన్. స్క్రీన్ మీద నాలుగు శాతం.

“ఇంక పెట్టుకోనా సార్?” అన్నాడు.