నీమోని మళ్లీ కలిశాను: ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ, ఏ కాపీ కొనాలి?

జూల్స్ వెర్న్ రాసిన ఈ నవలని చిన్నప్పుడు ఏ బొమ్మల పుస్తకంగానో, నాన్‌ డిటెయిల్డ్‌గానో చదివేసి "ఆ, తెలుసులే, సబ్‌మెరైన్ కథే కదా" అనేవాళ్లలో మీరూ ఉంటే, అసలు పుస్తకం మీరింకా చదవలేదనే లెక్క. ఈమధ్య పూర్తి ఇంగ్లిష్ అనువాదం చదివాను. సాహసాలన్నీ చిన్నప్పుడు చదివినవే, ఆ సబ్‌మెరైన్ కెప్టెన్ నీమో మాత్రం పూర్తిగా కొత్త మనిషి.

ముందు కొనడం సంగతి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని మొదట ఒకటి తెప్పించా. అట్ట తళతళలాడుతోంది, లోపల చీమతలకాయంత అక్షరాలు, సగానికి వచ్చేసరికి పేజీలు ఊడి చేతికొచ్చాయి. అదైనా సర్దుకుపోవచ్చుగానీ అనువాదకుడి పేరు ఎక్కడా లేదు. పేరు లేదంటే చాలావరకు అది 1870ల నాటి మెర్సియర్ అనువాదమే అయ్యుంటుంది, కాపీరైట్ పోయింది కాబట్టి ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ఆయన నవలలో ఐదో వంతు పైనే కోసేశాడు, సైన్సు లెక్కలు కూడా కొన్ని చెడగొట్టాడు. డబ్బు పెట్టగలిగితే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన విలియం బుచర్ అనువాదం తీసుకోండి, నోట్సు బాగుంటాయి. వద్దనుకుంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఎఫ్.పి. వాల్టర్ అనువాదం ఉచితంగానే ఉంది, ఫోన్‌లో హాయిగా చదువుకోవచ్చు. అక్కడే పాత మెర్సియర్ది కూడా ఉంటుంది, పేరు చూసి డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక కథ. నీమో సబ్‌మెరైన్ పేరు నాటిలస్. పొడవు 70 మీటర్లు, వెడల్పు 8, లోపల 12,000 పుస్తకాల లైబ్రరీ, అంతా కరెంటు మీద నడుస్తుంది, ఆ కరెంటుకి కావలసిన సోడియం సముద్రపు నీళ్లలోంచే తీస్తారు. ఇది పత్రికలో రావడం మొదలైంది 1869లో, ఎడిసన్ బల్బు ఇంకా పదేళ్లకి గానీ రాలేదు. దక్షిణ ధ్రువానికి సముద్రం మీదుగా వెళ్లి జెండా పాతడం లాంటివి ఇప్పుడు నవ్వు తెప్పిస్తాయిగానీ ఓడ ఎలా మునుగుతుంది, ఎలా తేలుతుంది అని నీమో లెక్కలతో వివరించే అధ్యాయాలు నాకు భలే నచ్చాయి. చేపల జాబితాలు మాత్రం బోరే. పేజీలు తిప్పేయండి, పాపం తగలదు.

మనవాళ్లు ఆగి చదవాల్సిన చోటు రెండో భాగం మొదలు. నాటిలస్ బంగాళాఖాతం అంచుకి వస్తుంది. గంగలోంచి కొట్టుకొచ్చిన శవాలు నీళ్లమీద తేలుతూ కనిపిస్తాయి, ఆ సాయంత్రమే సముద్రం మొత్తం పాలలా తెల్లబడి మెరుస్తుంది, సూక్ష్మజీవుల వెలుగు అని ప్రొఫెసర్ అరోనాక్స్ (కథ చెప్పేది ఈయనే, నీమో ఓడలో బందీ) చెప్తాడు. ఆ తర్వాత సిలోన్ దగ్గర ముత్యాల కోసం మునుగుతున్న ఒక పేద భారతీయుడి మీదికి సొరచేప వస్తుంది. నీమో ఒక్క బాకు పట్టుకుని దానికి ఎదురెళ్తాడు, అది నీమోనే పడగొట్టేసరికి మరో బందీ, తిమింగలాల వేటగాడు నెడ్ లాండ్ హార్పూన్ (వేట ఈటె) విసిరి చంపుతాడు. స్పృహలేని మనిషిని పైకి తెస్తారు, కళ్లు తెరిచేసరికి మీద వంగి నాలుగు పెద్ద రాగి తలకాయలు (డైవింగ్ హెల్మెట్లు), అతని భయం ఊహించుకోండి! నీమో అతని చేతిలో ముత్యాల సంచి పెట్టి వచ్చేస్తాడు. తర్వాత అరోనాక్స్‌తో, అతను అణగదొక్కబడిన వాళ్ల దేశంవాడు, చివరి ఊపిరి దాకా నేనూ ఆ దేశంవాణ్నే అంటాడు. నా చిన్నప్పటి పుస్తకంలోంచి నాకు గుర్తున్నది సొరచేప ఒక్కటే.

నీమో ఎవరన్నది ఈ నవల చెప్పదు. వెర్న్ మొదట రష్యా మీద పగబట్టిన పోలండ్ మనిషిగా అనుకున్నాడు, పబ్లిషర్ హెట్జెల్ ఒప్పుకోలేదు. తర్వాత రాసిన 'మిస్టీరియస్ ఐలాండ్'లో బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్ అని, 1857లో తిరగబడి అంతా పోగొట్టుకున్నవాడని తేల్చాడు. అది తెలిసి చదివితే సిలోన్ సీను ఇంకోలా ఉంటుంది.

అలాగని నీమోని నెత్తిన పెట్టుకోలేకపోయాను. అణగారిన వాళ్ల కోసం అంత తపించే మనిషి అరోనాక్స్‌నీ, అతని నౌకరునీ, నెడ్ లాండ్‌నీ ముగ్గురినీ జీవితాంతం ఉంచేయాలని ఓడలో బంధిస్తాడు, స్పెర్మ్ వేల్ తిమింగలాల గుంపుని నరికి పారేస్తాడు. ఆఖర్లో ఒక యుద్ధనౌకని ముంచి, మనుషులు తెరచాప కొయ్యలకి వేలాడుతూ మునిగిపోవడాన్ని కిటికీలోంచి చూసి, గదిలోకెళ్లి ఒక ఆడమనిషీ ఇద్దరు పిల్లలూ ఉన్న చిత్రం ముందు మోకాళ్లమీద పడి ఏడుస్తాడు. చిన్నప్పుడు చిరాకనిపించిన నెడ్ లాండ్, అదే "ఎప్పుడు పారిపోదాం" అని గొణిగేవాడు, ఈసారి ఓడలో బుర్ర ఉన్నవాడు అతనొక్కడే అనిపించాడు.

ముగింపు తొందరగా చుట్టేశాడు. ఆ ముగ్గురూ సుడిగుండంలో పడతారు, పేజీ తిప్పితే నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో ఒక జాలరి గుడిసెలో లేస్తారు. ఎలా బతికారో చెప్పడు.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకి పూర్తి పుస్తకమే ఇవ్వొచ్చు, చేపల చోట్ల సాయం కావాలంతే. ఐదుకి నాలుగు. వెంటనే 'మిస్టీరియస్ ఐలాండ్' అందుకోండి, రెండింటికీ తేదీలు పొంతన కుదరవు, పట్టించుకోకండి.