కన్వెన్షన్‌లో నేను మొదట వెతికేది రిపేరు టేబుల్

పదేళ్లుగా బేతాళుణ్ని భుజాన వేసుకుని తిరుగుతున్నాను. చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుడి బొమ్మ చూసి కట్టుకున్న వేషం ఇది. చేతిలో చెక్క కత్తి, భుజం మీద ఫోమ్ షీటూ పాత పరుపు దూదీ కలిపి చేసిన శవం. అంతా కలిపి ఐదు కిలోల పైమాటే. బొమ్మల కథల అభిమానులు వేషాలేసుకుని కలిసే కన్వెన్షన్లకి వేసుకెళ్తాను. ఈ వేషంతో పెద్ద షోలకి వెళ్లాను, కాలేజీ ఫెస్టుల్లో నిలబడ్డాను, మా నెల్లూరులో అభిమానులే చందాలేసుకుని జరిపిన చిన్న మీట్లకీ వెళ్లాను. టికెట్ ఎంత, స్టాళ్లు ఎన్ని అనేవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను చూసేది ఒక్కటే. వేషం ఊడితే కూర్చుని బాగుచేసుకునే చోటుందా?

హైదరాబాద్‌లో కామిక్ కాన్ అనే పెద్ద బొమ్మల కథల షో 2013లో మొదలైంది. రెండేళ్ల తర్వాత సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, అది జరిగే హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌కి వెళ్లినప్పుడు నాకు రెండు కళ్లూ చాల్లేదు. బొమ్మలు గీసినవాళ్లే బల్ల వెనక కూర్చుని, పేరడిగి, సంతకం పెట్టి పుస్తకం ఇచ్చారు. ఇంటికొచ్చి కనబడినవాళ్లందరికీ చెప్పాను, వెళ్తే పెద్ద షోకే వెళ్లాలని. జనం వాటిని ఎందుకు ఇష్టపడతారో నాకు బాగా తెలుసు. ఊళ్లో ఒంటరిగా ఒక బొమ్మల కథని ప్రేమించే పిల్లాడికి, అదే కథని ప్రేమించే వేలమందిని ఒకే చోట చూడటం చిన్న విషయం కాదు.

కానీ ఆ మాట అన్నప్పుడు నా వేషం ఇంకా ఊడలేదు.

అది ఊడింది వేరే నగరంలో, వేరే పెద్ద షోలో. పేరు చెప్పను. ఎండలో నలభై నిమిషాలు క్యూలో నిలబడేసరికి చెప్పులకు వాడే బంక మెత్తబడి బేతాళుడి కుడి చెయ్యి భుజం దగ్గర ఊడి వచ్చింది. లోపల కుర్చీ లేదు, ప్లగ్గు లేదు, బట్టలు మార్చుకునే గదిలో అద్దం కూడా లేదు. అడిగితే ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపారు. చివరికి బాత్రూముల పక్క వరండాలో నేల మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన టేపు చుడుతుంటే వేషాల పోటీలో స్టేజి మీద నా నంబరు పిలిచి వెళ్లిపోయారు. నాలుగు నెలలు కుట్టుకున్న వేషం. బేతాళుణ్ని మడిచి సంచిలో పెట్టుకుని సాయంత్రం రైలెక్కాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

తర్వాతి మే నెలలో మా నెల్లూరు దర్గామిట్టలో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద మీట్ పెట్టారు. యాభై మంది ఉంటారేమో. స్టాళ్లు లేవు, వచ్చిన అతిథీ లేడు. మెట్లెక్కగానే ఒక బల్ల, దాని మీద గ్లూ గన్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, కత్తెర, సూదీదారం, డబ్బాడు పిన్నీసులు. వెనక ఒకావిడ. ఇంట్లో జాకెట్లు కుడుతుందట. నా బేతాళుణ్ని తిప్పి తిప్పి చూసి, "అన్నా, ఈ ఎండకి బంక నిలవదు. కుట్టేస్తా, కూర్చో" అంది.

గ్లూ గన్ వేడెక్కేలోపే కరెంటు పోయింది. ఆవిడ శవాన్ని తీసుకుని వరండాలోకి వెళ్లి వెలుతురులో కూర్చుంది. పాత జీన్సు ముక్క లోపల పెట్టి భుజాన్ని రెండు వరసలు కుట్టింది. ఈలోగా అట్టలతో కవచం చేసుకున్న ఒక టెన్త్ పిల్లాడు వచ్చి పక్కన చేరాడు. రిటైరైన మేష్టారొకాయన బైండు చేయించిన చందమామలు తెచ్చారు. బేతాళ కథ పేజీ తీసి, "అబ్బయ్యా, చెయ్యి ఇంకా కిందికి వేలాడాల. చూడు" అన్నారు. చూశాం. ఆవిడ కుట్టు విప్పి మళ్లీ కుట్టింది. ఆ రెండు గంటల్లో విన్నంత బొమ్మల గురించి నేను ఏ వేదిక ముందూ కూర్చుని వినలేదు.

1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి వరల్డ్‌కాన్‌కి, అంటే సైన్స్ ఫిక్షన్ అభిమానుల కన్వెన్షన్‌కి, మిర్టిల్ డగ్లస్ అనే అభిమాని, తనకీ తన స్నేహితుడికీ భవిష్యత్తు మనుషుల బట్టలు తనే కుట్టుకొచ్చిందని తర్వాత చదివాను. వరల్డ్‌కాన్‌ని ఇప్పటికీ జీతం లేని అభిమానులే నడుపుతారు, సభ్యులే ఓట్లేసి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి హ్యూగో అవార్డులిస్తారు. టోక్యోలో 1975 నుంచి జరుగుతున్న కామికెట్ అనే బొమ్మల కథల సంతలో అభిమానులు తాము అచ్చేసుకున్న పుస్తకాలు తామే అమ్ముకుంటారు. అక్కడ కొనేవాళ్లని కూడా పాల్గొనేవాళ్లు అనే అంటారు. వేషం వేసుకుని బయటినుంచి రాకూడదు, అక్కడికొచ్చే మార్చుకోవాలి. వేషగాళ్లకి లోపల చోటు ఉండాలన్న ఆలోచన ఆ నియమంలోనే ఉంది. అందుకే వెళ్లకుండానే నాకు కామికెట్ అంటే గౌరవం.

దర్గామిట్ట మీట్‌ని మరీ ఎక్కువ పొగిడానేమో కూడా. మరుసటి ఏడాది ఆవిడ రాలేదు. బల్ల ఉంది, దాని మీద కత్తెర ఒక్కటే ఉంది. నడిపే నలుగురిలో ఇద్దరికి బెంగళూరులో ఉద్యోగాలొచ్చాక మీట్ ఆగిపోయింది. మనుషుల మీద నిలబడింది మనుషులు వెళ్లిపోతే పోతుంది. డబ్బు పెట్టి నడిపే షో మాత్రం ఏటా వస్తుంది. పైగా అక్కడ కొత్త ఆర్టిస్టులు దొరుకుతారు, మా మేడ మీద ఎప్పుడూ దొరకలేదు.

నాకు నలభై దాటాయి, ఒంటరిగా వెళ్తాను, వేషం బరువు. అందుకే నాకు చిన్న మీట్ కుదిరింది. మా అక్క కొడుక్కి ఇరవై, చొక్కా మీద బొమ్మ తప్ప వేషం లేదు. వాడికి వేలమంది మధ్య ఉండటమే పండగ, వాణ్ని మేడ మీదికి రమ్మనలేను. చెన్నైలో 2024లో కామిక్ కాన్ మొదలయ్యాక మాకు దగ్గరైంది కూడా, రైల్లో మూడు గంటలు. ఈసారి వాడితో పాటే వెళ్తున్నా. సంచిలో గ్లూ గన్, సూదీదారం, పిన్నీసులు రెండింతలు పెట్టుకున్నాను. మడత బల్ల ఒకటి లోపలికి రానిస్తారేమో గేటు దగ్గర అడగాలి.