మారేడుమిల్లి ఘాట్‌లో నాలుగు స్పోర్ట్స్ కార్లు, కోనసీమలో వాటి అవస్థలు

డెల్టాలో పుట్టినవాడికి స్పోర్ట్స్ కారు మోజు పట్టడం కొంచెం విచిత్రమే. ధవళేశ్వరం దాటి కిందికొస్తే సముద్రం దాకా ఎత్తు అన్నదే లేదు. ఉన్న మలుపులన్నీ కాలవ గట్లవి. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వరిచేను, ఎటు జారినా తేలేది బురదలోనే. అయినా భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు టార్పాలిన్ కప్పుకుని పడుకున్న రెండు తలుపుల కార్లు బాగానే ఉన్నాయి. సంక్రాంతికీ పెళ్లిళ్లకీ బయటికి తీసి, మళ్లీ కప్పేస్తారు. అలాంటి వాటిని ఒకసారి నిజంగా కొండెక్కించి చూద్దామని నవంబరులో నలుగురం బయల్దేరాం.

భీమవరం రాజుగారిది ఫోర్డ్ మస్టాంగ్. రొయ్యలు బాగా పలికిన ఏడాది కొన్నారు. కాకినాడ డాక్టరు గారిది బీఎండబ్ల్యూ జడ్4 ఎం40ఐ. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావది పోర్షే 718 కేమన్. నాది స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245. నా కారును స్పోర్ట్స్ కారు అనడానికి మా బావ ఒప్పుకోడు. "వెనక సీట్లో అత్తయ్యని కూర్చోబెట్టి గుడికి తీసుకెళ్లే బండి అది" అంటాడు. 2020లో దేశం మొత్తానికి 200 కార్లే వచ్చాయన్నా వాడికి పట్టదు.

రావులపాలెంలో కలుసుకుని, హైవే వదిలి లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం, బొబ్బర్లంక, అక్కణ్నుంచి బ్యారేజీ దాటి రాజమండ్రి. ఇది మా మొదటి రోజు దారి. చూడటానికి ఇంతకన్నా అందమైన రోడ్డు డెల్టాలో తక్కువ. కానీ ఈ కార్లకు అసలు పరీక్ష కొండ మీద కాదు, ఇక్కడే మొదలైంది. ఊరి మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్, బడి దగ్గర ఒకటి, రామాలయం దగ్గర ఇంకోటి. వాటికి ఒక కొలతా పాడూ ఉండదు.

కారు నేలకు ఎంత ఎత్తులో ఉందన్నదే అందరూ చూస్తారు. అదొక్కటీ చాలదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం పెరిగేకొద్దీ కారు కడుపు స్పీడ్ బ్రేకర్ వీపుకు తగులుతుంది. మస్టాంగ్‌కు ఆ దూరం 2,720 మిల్లీమీటర్లు. కేమన్‌కు 2,475, జడ్4కు 2,470. ఆ పావు మీటరు తేడా ఎంతో ఆత్రేయపురం చేరేలోపే రాజుగారికి తెలిసింది. ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కించి దించుతుంటే వెనక ఆటోలు హారన్లు కొట్టడం మానేసి తమాషా చూశాయి. చిన్నగా ఉన్న కేమన్, జడ్4 ముందు బంపర్ కింది పెదవి గీసుకోకుండా చూసుకుంటే చాలు, ఇట్టే దాటేశాయి.

ఇంకో చిక్కు ధాన్యం. నవంబరులో సార్వా కోతలు, రోడ్డు సగం ఆరబోసిన ధాన్యమే. వాహనాలు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. మామూలు కారుకు అవి కనబడే రాళ్లు, కిందికి ఉన్న కారుకు బంపర్ చీల్చే రాళ్లు. రైతును తప్పుపట్టలేం, ఆయనకు వేరే కళ్లం ఏది? ఒక పెద్దాయన మాత్రం కేమన్ చుట్టూ తిరిగి చూసి, "ఇంజన్ ఎక్కడుందండీ బాబూ దీనికి?" అని అడిగాడు. సీట్ల వెనకాల అని మా బావ చెబితే, "మరి రిపేరొస్తే ఎవడు దూరతాడండీ అందులోకి" అన్నాడు. కొనేముందు మా అక్క అడిగిన ప్రశ్న కూడా అదే.

ఇంజన్ మధ్యలో ఉండటం వల్ల కేమన్‌కు ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ ఉంటాయి. ఆత్రేయపురంలో కొన్న పూతరేకులు ముందు డిక్కీలోనే పెట్టాలి. వెనకది ఇంజన్ వేడికి వెచ్చబడుతుంది, అందులో పెడితే నెయ్యి కరిగి పెట్టెకు అంటుతుంది. ఇది ఏ బ్రోషర్‌లోనూ రాయరు.

రాజమండ్రిలో బస. కొత్త హోటల్, గదులు శుభ్రం, ఏసీ బాగుంది, పొద్దున పెసరట్టు ఉప్మా కూడా బాగుంది. కానీ పార్కింగ్ నేల కింద, దానికి దిగే ర్యాంప్ చాలా నిటారు. ఫోన్‌లో అడిగినప్పుడు "ఎన్ని కార్లైనా పడతాయి సార్" అన్నారు, ఎలా దిగాలో చెప్పలేదు. చివరికి మూడు కార్లు హోటల్ ముందు రోడ్డు పక్కనే రాత్రంతా ఉన్నాయి. వాచ్‌మన్ కుర్చీ వేసుకుని వాటి పక్కనే కూర్చున్నాడు, టిప్పు ఆయనకే ఇచ్చాం. ఇలాంటి కారుతో ఎక్కడ దిగాలన్నా గది ఫొటోలు తరవాత, ముందు ర్యాంప్ ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. పెట్రోలు కూడా రాజమండ్రిలోనే ట్యాంకు నిండా కొట్టించాలి. ప్రీమియం పెట్రోలు ఏజెన్సీ ప్రాంతంలో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. భూపతిపాలెం రిజర్వాయర్ దాటాక చెట్లు రోడ్డు మీదికి వంగుతాయి, గాలి మారుతుంది. అసలు ఘాట్ మాత్రం మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్లేటప్పుడే. ఒకదాని వెనక ఒకటి మెలితిరిగే హెయిర్‌పిన్ మలుపులు, అడవి అంత దట్టంగా ఉంటే ఎదుటి మలుపులో ఏముందో తెలియదు. చాలాచోట్ల రోడ్డు సన్నం, తారు అంచులు విరిగి ఉంటాయి. బస్సు ఎదురైతే ఒక చక్రం మట్టిలోకి దించాల్సిందే. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నియమం ఇక్కడ లారీ డ్రైవర్లే బాగా పాటిస్తారు. సెలవుకి వచ్చిన టూరిస్టు కార్లకు అది తెలిసినట్టు కనబడదు. వానాకాలంలో చరియలు పడ్డప్పుడు రాత్రి రాకపోకలు ఆపేస్తుంటారు కాబట్టి ముందుగా చెక్‌పోస్టులో అడిగి కదలాలి. మేం తెల్లారగానే బయల్దేరాం. తొమ్మిది దాటితే జలతరంగిణి జలపాతం దగ్గర ఆగే వ్యాన్లతో రోడ్డు మన చేతిలో ఉండదు.

కార్లు మార్చుకుని మరీ నడిపాం. కేమన్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ రోడ్డు దాని కోసమే వేసినట్టుంది. బరువంతా మధ్యలో ఉండటం వల్ల స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే ముక్కు తిరుగుతుంది, తోక బుద్ధిగా వెంట వస్తుంది. పోర్షే వాళ్ల పేరు మోసిన 911లో ఇంజన్ వెనక ఇరుసుకు కూడా అవతల ఉంటుంది. 1963 నుంచీ ఆ పద్ధతే, దాన్ని మచ్చిక చేసుకోవడానికే వాళ్లు దశాబ్దాలు కష్టపడ్డారు. కేమన్‌లో ఆ తంటా లేదు. రెండు లీటర్ల టర్బో, 300 హార్స్‌పవర్, ఈ మలుపులకు అంతకన్నా అక్కర్లేదు. 2016లో ఆరు సిలిండర్లు తీసేసి నాలుగు పెట్టినప్పటి నుంచీ దాని శబ్దం మాత్రం మా బావ కూడా పొగడడు.

జడ్4 సుఖం వేరు. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 340 హార్స్‌పవర్. ఏ గేరులో ఉన్నా అడిగినప్పుడల్లా లాగుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో టయోటా సుప్రాతో పాటు ఒకే ఫ్యాక్టరీలో తయారైన కారు ఇది. పైకప్పు పది సెకన్లలో తెరుచుకుంటుంది, గంటకు 50 కిలోమీటర్ల వేగంలోపు నడుస్తూనే తెరవచ్చు. తడి ఆకుల వాసన, వాగు చప్పుడు నేరుగా మీదికి వస్తాయి. మిగతా మూడు కార్లలో అవి లేవు. ఇబ్బందల్లా కూర్చునే చోటు. డ్రైవరు దాదాపు వెనక చక్రాల మీద కూర్చుంటాడు, ముందు అంత పొడుగు బానెట్. నిటారుగా ఎక్కే హెయిర్‌పిన్‌లో రోడ్డు బదులు బానెట్టూ ఆకాశమే కనబడతాయి. డాక్టరు గారు మెడ చాపి చాపి నడిపారు.

మస్టాంగ్‌ను ఎలా అంచనా కట్టాలి? 1964 ఏప్రిల్ 17న అమెరికాలో జనం ముందుకొచ్చింది. అక్కడి పొడుగాటి తిన్నని రోడ్లకు పుట్టిన జాతి. మన దేశానికి 2016లో కుడివైపు స్టీరింగ్‌తో వచ్చింది. అయిదు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్, దాదాపు 400 హార్స్‌పవర్, పదిహేడు క్వింటాళ్లకు పైగా బరువు, అద్దాలు వదిలేస్తే 1.9 మీటర్ల వెడల్పు. ఈ ఘాట్‌లో ఆ పవర్‌లో సగం వాడే చోటు ఎక్కడా లేదు. ఎదురుగా బస్సు వస్తే వెడల్పు గుర్తొస్తుంది, దిగేటప్పుడు బరువు గుర్తొస్తుంది. రాజుగారు మాత్రం తెలివిగా రెండో గేరులోనే ఉంచి ఇంజన్‌తోనే వేగం తగ్గించుకుంటూ దిగారు, బ్రేకుల్ని వేడెక్కనివ్వలేదు. వెనకొచ్చిన ఒక ఎస్‌యూవీ బ్రేకులు మాడిన వాసనతో రోడ్డు పక్కన ఆగింది. ఇక ఆ వీ8 గొంతు! లోయలో ప్రతిధ్వనిస్తుంటే నలుగురం అద్దాలు దించుకుని విన్నాం. మారేడుమిల్లిలో కుర్రాళ్లు సెల్ఫీలు దిగింది కూడా దాంతోనే. పోర్షే పక్కనే ఉంటే "ఇదేం కారన్నా?" అని అడిగారు. మా బావ ముఖం చూడాల్సింది.

నా ఆర్ఎస్ ముందు చక్రాలతో లాగే బండి. 245 హార్స్‌పవర్‌నీ మలుపులో ఏ చక్రానికి ఎంత పంపాలో చూసుకునే డిఫరెన్షియల్ ఉంది కాబట్టి బయటికి జారదు. విరిగిన తారు మీద అందరికన్నా టెన్షన్ లేకుండా నడిచింది ఇదే, నలుగురి సామానూ మోసింది కూడా ఇదే. ఆనందంలో కేమన్ కాలిగోటికి సరిపోదు, ఆ మాట ఒప్పుకుంటాను. ఒక్క ఘాట్ కోసమైతే కేమన్. డెల్టా, ఘాట్ కలిపి ఇల్లు చేరాలంటే నాదే.

మారేడుమిల్లిలో బసకు రెండు రకాలు చూశాం. అటవీ శాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు నడిపే కాటేజీలు సాదాగా ఉంటాయి, హంగులు ఆశించవద్దు. కానీ చెప్పింది చెప్పినట్టు ఉంటుంది, ఉదయం బకెట్‌తో వేడినీళ్లు అడిగిన టైముకు వచ్చాయి. ఇంకో ప్రైవేటు రిసార్ట్‌కు అంతకు చాలా ఎక్కువ ధర. "రోడ్డు పక్కనే" అని ఫొటోలో ఉంది, వెళ్లి చూస్తే రోడ్డు నుంచి లోపలికి బండరాళ్ల బాట. మస్టాంగ్, కేమన్ గేటు బయటే ఆగిపోయాయి. కరెంటు పోతే జనరేటర్ లైట్లకే, ఫ్యాన్లకు కాదన్నారు. అంత డబ్బు దానికి దండగ.

బొంగులో చికెన్ విషయంలో ఒక్క మాట. ముందే కాల్చి పెట్టుకుని మళ్లీ వేడి చేసి ఇచ్చే బండ్లున్నాయి, వాటిని వదిలేయండి. మన కళ్లెదుట వెదురులో ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పే చోట ముప్పావు గంట ఆగినా నష్టం లేదు. గుడిస కొండకు వెళ్లాలనుకుంటే మీ కారు మాట మర్చిపోయి స్థానిక జీపు మాట్లాడుకోండి.

ఇక సర్వీసు సంగతి. తిరుగు దారిలో మాలో ఒకరి కారు టైరు పక్క గోడ పదునైన రాయికి చీలింది. ఎవరి కారో రాస్తే ఆయన ఊరుకోరు. ఇలాంటి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, జిగురు డబ్బా, చిన్న పంపు ఇస్తారు. అవి మేకు దిగిన రంధ్రానికి పనికొస్తాయి, పక్క గోడ చీలికకు కాదు. అక్కడ సిగ్నల్ కూడా లేదు. ఒకరం మారేడుమిల్లి వెనక్కి వెళ్లి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, వాళ్లు పిన్‌కోడ్ అడిగి, ల్యాండ్‌మార్క్ అడిగి, చివరికి ట్రక్కు మర్నాడు వస్తుందన్నారు. వచ్చింది, అంత కిందికున్న కారును ఎక్కించే చెక్కలు మాత్రం తేలేదు. రంపచోడవరం నుంచి వచ్చిన పంచర్ షాపు కుర్రాడు ఎక్కడి నుంచో రెండు పలకలు తెచ్చి, డ్రైవరుకు దారి చెప్పి కారును గీత పడకుండా ఎక్కించాడు. డబ్బు కూడా పంచర్ రేటే అడిగాడు. ఖరీదైన రోడ్‌సైడ్ ప్యాకేజీ మీద నాకున్న నమ్మకం ఆ పూట సగమైంది. ఘాట్‌కు వెళ్లేవాళ్లు అదే సైజు టైరు ఒకటి వెంట వచ్చే పెద్ద కారులో పడేసుకోవడం నయం.

మిగిలిన మూడు కార్లతో దిండి చేరాం. వశిష్ఠ గోదావరి ఒడ్డున టూరిజం వాళ్ల రిసార్ట్, చదునైన నేల, కారు నేరుగా గది దగ్గరికి వెళ్లింది. కొండ మీద ఒళ్లు హూనమయ్యాక ఆ నది గాలే మందు. హౌస్‌బోటు ఎక్కాలనుకుంటే శని, ఆదివారాలు వద్దు, పాటల హోరు భరించలేం. పార్కింగ్ దగ్గర చక్కటి నీడ చూసి డాక్టరు గారు జడ్4ను అక్కడ ఆపబోతే తోటమాలి పరుగున వచ్చాడు. "ఆయ్, చెట్టు కింద వద్దండీ, కాయలు దింపి రెణ్నెల్లయ్యింది" అన్నాడు. గుడ్డ పైకప్పు మీద కొబ్బరికాయ పడితే ఏమవుతుందో ఊహించుకుని డాక్టరు గారు కారును ఎండలోనే పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం మా బావ రాజుగారిని మస్టాంగ్ అమ్మేసి కేమన్ తీసుకోమని గంటసేపు పోరాడు. రాజుగారు అన్నీ విని, "బాగుంది బావగారూ, కానీ దాని చప్పుడు విని మా వీధిలో ఎవడూ బయటికి రాడు కదా" అన్నారు. మర్నాడు చించినాడ వంతెన మీద తిన్నగా, ఖాళీగా రోడ్డు దొరికింది. ఆయన ఒక్కసారి కాలు నొక్కేసరికి వెనకున్న మాకు అద్దాలు అదిరాయి.